బెజవాడ ఎండలో 40 వాట్ల లేజర్ మెషీన్: బకెట్ నుంచి కంప్రెసర్ చిల్లర్ దాకా

ముందే చెప్పేస్తాను. ఇంట్లో చిన్న లేజర్ కటింగ్ మెషీన్ పెట్టుకుని కోస్తా ఎండల్లో రోజూ గంటల తరబడి పని చేయాలనుకుంటే, కంప్రెసర్ ఉన్న వాటర్ చిల్లర్, అంటే లేజర్ ట్యూబు చుట్టూ తిరిగే నీళ్లని చల్లబరిచే పెట్టె, కొనండి. మెషీన్ కొనే రోజే దానికీ డబ్బు పక్కన పెట్టుకోండి. నేను అలా చేయలేదు. ఒక ట్యూబు పోయింది, ఒక పెద్ద ఆర్డరు పోయింది. ఇప్పుడు నా దగ్గరున్న చిల్లర్ గురించి రాద్దామనే కూర్చున్నాను కానీ, అంతకు ముందు జరిగింది చెప్పకపోతే దాని విలువ తెలియదు.

మాది సత్యనారాయణపురం. మేడ మీద ఒకే ఒక గది, నెత్తిన స్లాబు, పడమటి గోడకి మధ్యాహ్నం నుంచి ఎండ. ఆ గదిలోనే నా పని. గృహప్రవేశాలకి అక్రిలిక్ నేమ్ ప్లేట్లు, ఓణీల ఫంక్షన్లకీ బారసాలలకీ రిటర్న్ గిఫ్టులు, ఎండీఎఫ్ చెక్కతో దీపాల స్టాండ్లు చేస్తాను. మెషీన్ 40 వాట్ల చిన్న నీలం పెట్టె రకం. పని చేసే చోటు దాదాపు ఏ4 కాగితమంత. లోపల కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు ట్యూబు, లేజర్ వెలుతురు పుట్టేది అందులోనే. దానితో పాటు ఒక చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, రెండు పైపులు ఇచ్చారు. బకెట్ మనదే. 15 లీటర్ల నీళ్లు పోసి పంపు అందులో ముంచి, నీళ్లు ట్యూబు చుట్టూ తిరిగి మళ్లీ బకెట్లోకి వచ్చేలా పెట్టుకోమన్నారు.

జనవరిలో కొన్నాను. ఫిబ్రవరి చివరి దాకా ఒక్క ఇబ్బంది లేదు. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్, ట్యూబుకి వెళ్లే కరెంటు చూపించే మీటరులో 13 మిల్లీఆంపులు, సెకనుకి 8 మిల్లీమీటర్ల వేగం. ఒక్కసారికే కింద దాకా తెగి, ముక్క దానంతటదే ఊడి పడేది. ఆ అంకెలు మెషీన్ మూత మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక ఓణీల ఫంక్షన్‌కి 150 కీచైన్లు, ఏనుగు బొమ్మ మీద పాప పేరుతో అడిగారు. మొదటి 30 చక్కగా వచ్చాయి. తర్వాత ముక్క ఊడటం మానేసింది. పైనుంచి చూస్తే గీత పడింది, వెనక్కి తిప్పితే తెగలేదు. మీటరులో ముల్లు మాత్రం అదే 13 దగ్గర ఉంది. అందుకే నాకు వేడి మీదికి ఆలోచన పోలేదు. లెన్సు మసి పట్టిందనుకుని తుడిచాను. అద్దాలు తుడిచాను. అలైన్‌మెంట్ పోయిందేమోనని థర్మల్ కాగితం ముక్కలు అంటించి మూడు అద్దాలూ ఒక్కొక్కటిగా సరిచూశాను. అంతా అయ్యేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే చక్కగా తెగింది! అలైన్‌మెంటే కారణమనుకుని సంతోషపడ్డాను. అరగంటకి మళ్లీ అదే కథ. ఆ మధ్యలో మెషీన్ ఆగి ఉండటం వల్ల నీళ్లు కాస్త చల్లారాయి, అంతే. ఇది మీకు కూడా జరుగుతుంటే గుర్తు పెట్టుకోండి: పొద్దున బాగుండి, అరగంట తర్వాత తెగకపోయి, కాసేపు ఆపితే మళ్లీ బాగుపడుతుంటే అది అద్దాల సమస్య కాదు. అద్దాలు పక్కకి జరిగితే మొదటి ముక్క నుంచే తెలుస్తుంది.

అప్పుడు నేను చేసిన పని ఇంకా పెద్ద తప్పు. తెగట్లేదని కరెంటు పెంచాను. 13 నుంచి 16కి, తర్వాత 18కి. కాసేపు తెగింది. ట్యూబు వేడెక్కి వెలుతురు తగ్గుతుంటే, దానికి ఇంకా ఎక్కువ కరెంటు ఇస్తున్నానన్నమాట. ఆ కరెంటులో ఎక్కువ భాగం మళ్లీ వేడిగానే మారుతుంది. ఆ వేడికి వెలుతురు ఇంకా తగ్గుతుంది. ఇలాంటి మెషీన్లలో 40 వాట్లని రాసి ఉన్నా ట్యూబు నికరంగా ఇచ్చేది 30, 35 మధ్యలోనే. రోజూ 15 మిల్లీఆంపులు దాటించకూడదని తర్వాత తెలిసింది.

సాయంత్రం పంపు పైపు సర్దుతుంటే చేతికి వెచ్చగా తగిలింది. స్నానానికి తొరిపిన నీళ్లలా ఉన్నాయి. అక్వేరియం షాపులో తీగ చివర చిన్న సెన్సర్ ఉండే థర్మామీటరు దొరుకుతుంది, దాన్ని తెచ్చి బకెట్లో వేశాను. 38 డిగ్రీలు. ట్యూబు అమ్మేవాళ్లు ఉండాలని చెప్పేది 15 నుంచి 20. 25 దాటితే బలం తగ్గడం తెలుస్తుంది, 30 దాటితే ఆపేయాలి.

మా అబ్బాయి అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. విశిష్టోష్ణం లెక్క వేసి చూపించాడు. ట్యూబు నుంచి నీళ్లలోకి దిగే వేడి సుమారు 200 వాట్లనుకుంటే, 15 లీటర్ల నీళ్లు గంటకి దాదాపు 11 డిగ్రీలు పెరుగుతాయి. పొద్దున బకెట్లో నీళ్లే 30 దగ్గర మొదలవుతున్నాయి. ఇక 40 నిమిషాల్లో 38 రావడంలో వింత లేదు. ఆ లెక్క కాగితం ఇప్పటికీ గోడకి అంటించే ఉంది. మెషీన్ అమ్మినవాళ్లు ఆ లెక్క మాకెందుకు చెప్పలేదని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. బకెట్ చాలన్న మాట జనవరికి నిజం. ఏప్రిల్‌కి కాదు.

తర్వాత ఐస్ సీసాలు. లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి బకెట్లో వేసేదాన్ని. ఒక సీసా పూర్తిగా కరిగితే 15 లీటర్లు ఓ 5 డిగ్రీలు తగ్గుతాయి, అంటే అరగంట పని. గంటకి రెండు సీసాలు కావాలి. అవి మళ్లీ గడ్డకట్టడానికి ఒక పూట. అత్తయ్యగారు ఫ్రీజర్ తెరిచినప్పుడల్లా, "అమ్మాయ్, పాలు పెట్టుకోవడానికైనా చోటు ఉంచు" అనేవారు. ఆవిడ కోప్పడకుండానే అన్నారు కానీ, ఇల్లు నడిచే పద్ధతి అది కాదని నాకే అనిపించింది. పైగా ఇందులో ఒక ప్రమాదం ఉంది. వేడెక్కిన ట్యూబులోకి ఒక్కసారిగా బాగా చల్లటి నీళ్లు వెళితే గాజు పగలవచ్చు. ఐస్ వాడాల్సి వస్తే మెషీన్ మొదలుపెట్టక ముందు నుంచే ఒక్కో సీసా వేయండి. పని నడుస్తుండగా బకెట్లో చెయ్యి మాత్రం పెట్టకండి. ట్యూబుకి వెళ్లేది వేల వోల్టుల కరెంటు. ఎక్కడైనా లీకైతే ఆ నీళ్లలోకే వస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి ఇది మరీ మరీ చెబుతున్నాను.

ఈ కష్టం ఫోన్‌లో చెబితే మెషీన్ అమ్మిన షాపతను, "మేడమ్, చిల్లర్ పెట్టుకోండి, వేసవి మొత్తం టెన్షన్ ఉండదు" అని ఒకటి పంపాడు. సీడబ్ల్యూ-3000 అనే రకం. చూడటానికి చిల్లర్ లాగే ఉంది. ముందు డిస్‌ప్లే, లోపల ట్యాంకు, పంపు, వెనక ఫ్యాన్. మొదటి రోజు సాయంత్రం 4 గంటలకి డిస్‌ప్లే 41 చూపించింది. పాడైన వస్తువు వచ్చిందనుకున్నాను.

మా వీధిలో ఏసీలు బాగు చేసే కుర్రాడున్నాడు, ఇంట్లో పిల్లాడి లాంటివాడు. పిలిచి చూపించాను. మూత విప్పి అయిదు నిమిషాలు చూశాడు. "ఇది పాడవలేదక్కా. ఇందులో గ్యాసు లేదు, కంప్రెసర్ లేదు. కారు రేడియేటర్ లాంటిదే. గది 39 ఉంటే నీళ్లు 39 కన్నా కిందికి రావు. చలికాలం వాడుకో" అన్నాడు. అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ వస్తువుని తప్పుపట్టడానికి లేదు. 20 డిగ్రీల గదుండే ఊళ్లో అది చక్కగా పని చేస్తుంది, బకెట్ కన్నా శుభ్రంగా కూడా ఉంటుంది. మా మేడ మీది గదిలో మే నెలకి అది పనికిరాదు. దాన్ని చిల్లర్ అని పిలవడమే మనల్ని పక్కదారి పట్టిస్తుంది.

మే ఆఖరుకి ట్యూబు పోయింది. లోపల గులాబీ ఊదా కలిసిన రంగులో ఉండాల్సిన మెరుపు తెల్లగా పాలిపోయింది. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ మూడుసార్లు తిప్పినా తెగలేదు. అదే వారంలో ఒప్పుకున్న పెళ్లి ఆర్డరు వేరేవాళ్లకి ఇచ్చేశాను. అడ్వాన్సు వెనక్కి ఇచ్చి వస్తుంటే చాలా సిగ్గనిపించింది. అయిదు నెలలు కూడా నిండని ట్యూబు అది.

కొత్త ట్యూబుతో పాటు ఈసారి కంప్రెసర్ ఉన్న చిల్లర్ తెప్పించాను. సీడబ్ల్యూ-5000 రకం. ఇందులో ఫ్రిజ్‌లో లాగే గ్యాసు, కంప్రెసర్ ఉంటాయి. వేడి తీసే శక్తి 700 వాట్ల పైమాటే, నా ట్యూబుకి కావాల్సిన దానికి మూడింతలు. 5200 రకం ఇంకా పెద్దది. 100 వాట్లు, ఆ పైన ట్యూబులున్నవాళ్లకి అది కావాలి, మనలాంటి 40 వాట్ల వాళ్లకి 5000 చాలు. ధర నేను మెషీన్‌కి పెట్టిన దానిలో సగం దాకా అయింది. ఇది చిన్న మాట కాదు, అందుకే రెండు వేసవులు వాడాక గానీ రాయకూడదనుకున్నాను.

రెండు వేసవుల ఫలితం ఇది. మే మూడో వారం, బయట 43, గదిలో 38. నీళ్లు 23 దగ్గర పెట్టి వరసగా మూడు గంటలు కోశాను. డిస్‌ప్లే 22.6కీ 23.8కీ మధ్యలోనే తిరిగింది. మొదటి ముక్కా చివరి ముక్కా ఒకే అంకెలతో తెగాయి. మూత మీద రాసుకున్న ఆ 13, 8 మళ్లీ నిజమయ్యాయి. ఇంతకు మించి నాకు ఏమీ అక్కర్లేదు. కొత్త ట్యూబుకి ఇప్పుడు రెండేళ్లు నిండాయి, 14 మిల్లీఆంపులు ఎప్పుడూ దాటించలేదు.

బిగించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మాన్యువల్‌లో లేనే లేవు, ఉన్నవాటి ఇంగ్లీషు అర్థం కాదు. పెట్టె ఆటోలో పడుకోబెట్టి తెచ్చారేమోనని అనుమానమొచ్చి, ఏసీ కుర్రాడి మాట మీద ఒక రాత్రంతా నిలబెట్టి ఉంచాకే ఆన్ చేశాను. నాకు వచ్చినప్పుడు అది గది వేడిని బట్టి నీళ్ల వేడిని తనంతట తనే మార్చుకునే మోడ్‌లో ఉంది. మన ఎండాకాలంలో అలా వదిలేస్తే నీళ్లు వెచ్చగానే ఉండిపోతాయి. మనం చెప్పిన అంకె దగ్గర నిలిచే మోడ్‌కి మార్చుకోవాలి. బటన్లు నొక్కి పట్టుకోవడంలో నాకు ఒక గంట పట్టింది.

నీళ్ల సంగతి. మొదట్లో బకెట్లో మున్సిపల్ కుళాయి నీళ్లే పోశాను, తప్పు. ఉప్పున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ట్యూబు లోపల తెల్లటి పొర కడుతుంది. వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లు కూడా డిస్టిల్డ్ కాదు, వాటిలోనూ లవణాలు కొన్ని మిగిలే ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాన్లలో బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. రెండు క్యాన్లతో ట్యాంకు, పైపులు నిండిపోయాయి. మూడు నెలలకోసారి మారుస్తాను. నాచు పట్టకుండా పైపుల మీద ఎండ పడనివ్వను.

గాలి బుడగల మాట ఎవరూ చెప్పరు. నీళ్లు నింపాక ట్యూబులో ఒక బుడగ ఇరుక్కుంటే, అది ఉన్న చోట గాజుకి నీళ్లు తగలవు. ఎంత మంచి చిల్లరున్నా అక్కడ మాత్రం వేడెక్కి గాజు చిట్లుతుంది. నీళ్లు బయటికొచ్చే ముక్కు పైకి ఉండేలా ట్యూబుని తిప్పి బిగించాలి. అయినా బుడగ కదలకపోతే పంపు నడుస్తుండగా, లేజర్ ఆపేసి, మెషీన్‌ని ఒక పక్కకి ఎత్తి పైపుని నొక్కి వదులుతూ ఉండాలి. నాకు ఒక వేలిగోరంత బుడగ పోవడానికి పావుగంట పట్టింది. పైపు ఎక్కడైనా మడత పడిందేమో కూడా అప్పుడే చూసుకోవచ్చు. తిరిగొచ్చే పైపుని లీటరు సీసాలో పెట్టండి, అరనిమిషంలోపు నిండితే ప్రవాహం బాగున్నట్టు.

ఇక అసలు ముఖ్యమైనది. ఈ చిల్లర్ వెనక అలారం కోసం రెండు తీగలు పెట్టుకునే చోటు ఉంటుంది. నీళ్లు ఆగితే అది లేజర్‌ని ఆపేయగలదు. కానీ ఆ తీగలు మెషీన్‌కి ఎవరో ఒకరు కలపాలి. పంపినవాళ్లు కలపరు, చెప్పరు కూడా. ఒకరోజు లో వోల్టేజీ వచ్చి చిల్లర్ ఆగిపోయింది, లేజర్ మాత్రం నడుస్తూనే ఉంది. ఆ రోజు అలారం అరుపు వినబడి పరుగెత్తుకొచ్చాను కాబట్టి ట్యూబు దక్కింది. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, లేజర్ పవర్ సప్లైలో నీళ్ల రక్షణ కోసం ఉండే టెర్మినల్‌కి ఆ తీగలు కలిపించాను. ఇప్పుడు నీళ్లు లేకపోతే లేజర్ వెలగదు. ఈ పని మీరు సొంతంగా చేయకండి, ఆ పెట్టెలో కరెంటు స్విచ్ ఆపాక కూడా కాసేపు ఉంటుంది. చిల్లర్‌కి స్టెబిలైజర్ కూడా పెట్టించాను. వేసవి సాయంత్రాలు మా వైపు వోల్టేజీ పడిపోతుంది, అప్పుడు కంప్రెసర్ మొరాయిస్తుంది.

జూలైలో ఇంకో పాఠం. ఎండలు తగ్గాయి కదా, నీళ్లు ఇంకా చల్లగా ఉంటే ట్యూబుకి ఇంకా మంచిదనుకుని 20కి తగ్గించాను. వాన పడి ఆగిన మధ్యాహ్నం అది. కాసేపటికి మెషీన్ వెనక నుంచి టిక్, టిక్ మని చిన్న శబ్దం. ఆపి మూత తీస్తే ట్యూబు మీద చల్లటి మజ్జిగ గ్లాసు మీద పట్టినట్టు చెమ్మ! ట్యూబుకి కరెంటు తెచ్చే ఎర్ర తీగ దగ్గర కూడా నీటి చుక్కలే. ఆ తడి మీదుగా కరెంటు దూకుతున్న శబ్దమది. వెలుతురు బయటికొచ్చే కొసన చెమ్మ పడితే అక్కడి అద్దం కూడా దెబ్బతింటుంది. గాలిలోని తేమ ఎన్ని డిగ్రీలకి చల్లబడితే చుక్కలు కడుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. మా ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం గది 40 ఉన్నా గాలి పొడిగా ఉంటే అది 22 దగ్గర ఉంటుంది. జూలైలో గది 31 ఉన్నా తేమ వల్ల 26 దాకా పోతుంది. కాబట్టి ఎండాకాలం 23, వానాకాలం 27 పెడుతున్నాను. ఆ 27 వల్ల బలం కొంచెం తగ్గుతుంది, వేగం 8 నుంచి 7కి తగ్గించి సరిపెట్టుకుంటాను. గదికి ఏసీ ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది తక్కువ, ఏసీ తేమని లాగేస్తుంది. తేమ చూపించే చిన్న గడియారం లాంటిది కొనుక్కుంటే రోజూ చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో మా చెల్లెలికి కూడా ఇలాంటి మెషీనే ఉంది. తేమ తక్కువ కాబట్టి తను వేసవిలో 20 పెట్టినా చెమ్మ పట్టలేదట. ఊరిని బట్టి అంకె మారుతుంది, ఎవరో చెప్పిన అంకె పెట్టుకోకండి.

చిల్లర్‌లో నాకు నచ్చనివి చెప్పాలి. నీళ్లలోంచి తీసిన వేడినంతా అది గదిలోకే వదులుతుంది, తన మోటారు వేడి అదనం. మూసి ఉన్న గదిలో పెడితే మనకి ఊపిరాడదు. నేను తలుపు బయట మెట్ల మలుపులో పెట్టి, గోడకి రంధ్రం చేయించి పైపులు లోపలికి తెచ్చుకున్నాను. శబ్దం పాత ఫ్రిజ్ కన్నా కొంచెం ఎక్కువ. పక్కనుండే జాలీలు ఎండీఎఫ్ దుమ్ముకి పదిహేను రోజుల్లోనే మూసుకుపోతాయి, విప్పి కడగాలి. కడగని వారం నీళ్లు 23 నుంచి 26కి ఎక్కడం చూశాను. కరెంటు పోయి వస్తే పంపు వెంటనే తిరుగుతుంది కానీ, కంప్రెసర్ మూడు నిమిషాల దాకా లేవదు. అది లోపం కాదు, దాని రక్షణ కోసమే. ఆ మూడు నిమిషాలూ ఆగండి.

చిల్లర్ వచ్చాక కూడా ఒకసారి మెషీన్ మధ్యలో ఆగిపోతుంటే దాన్నే అనుమానించాను. చూస్తే నీళ్లు 23లోనే ఉన్నాయి. లేజర్ పవర్ సప్లై ఫ్యాన్ రెక్కలకి జిగురు దుమ్ము పేరుకుని అది తిరగట్లేదు. బ్రష్‌తో తుడిస్తే సరిపోయింది. లెన్సు మీద పొగ జిగురు పడితే అది కూడా వేడెక్కి చిట్లుతుంది, లెన్సు దగ్గర పొగని ఊదే ఎయిర్ పంపు గాలి సరిగా వస్తుందో లేదో చూడండి. చిట్లిన లెన్సు ముక్కలు చేత్తో తాకకండి, దాని పొడి విషం.

అయిదు చుక్కలకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ మాన్యువల్‌కీ, కలపకుండా వదిలేసిన ఆ అలారం తీగలకీ. ఆదివారాలు అరగంట సరదాగా బొమ్మలు కోసుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు. డిస్టిల్డ్ నీళ్ల బకెట్, ఆ అక్వేరియం థర్మామీటరు చాలు, 28 కనబడగానే ఆపేయండి. రోజూ ఆర్డర్లు తీసుకునేవాళ్లు మాత్రం ఇది లేకుండా మార్చి దాటకండి. మా వారు ఈసారి పడమటి గోడకి గ్రీన్ నెట్ కట్టిస్తానన్నారు. అది కట్టాక మేలో గది ఎంత తగ్గిందో, చిల్లర్ ఎన్నిసార్లు ఆగి లేచిందో చూసి ఇక్కడే చేరుస్తాను.